రెండు ఫుల్లీ సింథటిక్ డబ్బాల్లో మన బండికి ఏది వెయ్యాలి: బేస్ ఆయిల్ దగ్గర్నుంచి చూసుకోవడం ఎలా

షాపుకెళ్ళి కారుకి ఇంజన్ ఆయిల్ కావాలంటే కౌంటర్ మీద రెండు డబ్బాలు పెడతారు, రెండిటి మీదా ఫుల్లీ సింథటిక్ అనే ఉంటుంది, రెండూ 5డబ్ల్యూ-40 అనే ఒకే చిక్కదనం గ్రేడే, రెండిటి మీదా ఏపీఐ ఎస్‌పీ అనే క్వాలిటీ గుర్తే ఉంటుంది, కానీ ఒకదాని రేటు ఇంకోదానికి దగ్గర దగ్గర డబుల్. తేడా ఏంటన్నా అంటే "ఇది ఇంపోర్టెడ్ సార్, దీని క్వాలిటీయే వేరు" అంటారు, అక్కడితో అయిపోద్ది. నిజానికి ఆ తేడా ఉందో లేదో, ఉంటే అది మన బండికి పనికొచ్చే తేడానో కాదో ఇంట్లో కూర్చుని ఫోన్‌లోనే అరగంటలో తేల్చుకోవచ్చు. మా ఇంట్లో బళ్ళన్నిటికీ నేను అలాగే చూసి కొంటున్నా, ఆ పద్ధతి మొత్తం ఇక్కడ రాస్తున్నా.

ముందే ఒక మాట చెప్పేస్తా. బేస్ ఆయిల్, అంటే ఏమీ కలపకముందు ఉండే అసలు నూనె, గొప్పదైనంత మాత్రాన డబ్బాలో ఉన్న ఆయిల్ గొప్పదైపోదు. బియ్యం మంచివైనంత మాత్రాన పులిహోర బాగా కుదరాలని లేదు కదా, పోపు, పులుపు, ఉప్పు అన్నీ సరిపోవాలి. ఇక్కడ పోపు అంటే ఎడిటివ్స్. డబ్బాలో ఎక్కువ వంతు బేస్ ఆయిలే ఉంటుంది, మిగతాది మడ్డి పట్టకుండా చూసే డిటర్జెంట్లు, అరుగుదల ఆపే జింకు ఫాస్ఫరస్ కాంపౌండ్లు, చిక్కదనం నిలబెట్టే పాలిమర్లు వగైరా. అందుకే బేస్ ఆయిల్ సంగతి తెలుసుకోవాలి గానీ దాని దగ్గరే ఆగిపోకూడదు.

మొదటి పని: బండితో ఇచ్చిన మాన్యువల్ తియ్యండి

గ్లవ్ బాక్స్‌లో ఆర్సీ కాపీ కింద పడుంటుంది, లేకపోతే కంపెనీ వెబ్‌సైట్‌లో పీడీఎఫ్ దొరుకుద్ది. అందులో రెండు విషయాలు ఒక కాయితం మీద రాసుకోండి, ఒకటి గ్రేడు అంటే 0డబ్ల్యూ-20, 5డబ్ల్యూ-30 లాంటిది (డబ్ల్యూ ముందున్న అంకె చలిలో చిక్కదనానికి, వెనకది వేడిలో చిక్కదనానికి), రెండోది స్పెసిఫికేషన్ అంటే ఏపీఐ ఎస్‌ఎన్, ఏసీఈఏ (యూరప్ కార్ల కంపెనీల సంఘం) సీ3, ఎంబీ (మెర్సిడెస్ బెంజ్) 229.5 లాంటిది. చాలామంది గ్రేడు చూసి స్పెసిఫికేషన్ వదిలేస్తారు, నన్నడిగితే రెండోదే ముఖ్యం. బీఎస్6 డీజిల్ బండికి సైలెన్సర్ లైన్లో పొగలోని మసిని పట్టే డీపీఎఫ్ ఫిల్టర్ ఉంటుంది, ఆయిల్ కాలినప్పుడు మిగిలే బూడిద ఆ ఫిల్టర్లోకి చేరి అక్కడే ఉండిపోద్ది, మసి అయితే రీజెనరేషన్లో, అంటే ఫిల్టర్ వేడెక్కి తనను తాను శుభ్రం చేసుకునేటప్పుడు, కాలిపోద్ది గానీ బూడిద కాలదు. అందుకే అలాంటి బళ్ళకి బూడిద 0.8 శాతం దాటని సీ3 లాంటి ఆయిల్స్ అడుగుతారు. ఏ3/బీ4 రకంలో బూడిద 1.6 శాతం దాకా ఉండొచ్చు. ఆ ఏ3/బీ4 డబ్బా బేస్ ఆయిల్ ఎంత ఖరీదైనదైనా సరే డీపీఎఫ్ బండికి అది తప్పు ఆయిలే.

రెండో పని: గ్రూపులు అర్థం చేసుకోండి

అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు బేస్ ఆయిల్స్‌ని 5 గ్రూపులు చేశారు. గ్రూప్ 1 అంటే పాతకాలం పద్ధతిలో సాల్వెంట్‌తో శుభ్రం చేసిన ఆయిల్, గంధకం ఎక్కువ. గ్రూప్ 2 అంటే హైడ్రోజన్‌తో శుద్ధి చేసింది, గంధకం 0.03 శాతం దాటదు, సాచురేట్స్ అంటే తొందరగా పాడవని నిలకడైన మాలిక్యూల్స్ 90 శాతం పైనే. గ్రూప్ 3 కి కూడా అవే కొలతలు, కాకపోతే విస్కాసిటీ ఇండెక్స్ 120 గానీ ఆపైన గానీ ఉండాలి, అంటే వేడెక్కినప్పుడు తక్కువ పల్చబడే ఆయిల్ అన్నమాట. గ్రూప్ 4 అంటే పీఏఓ (పాలీ ఆల్ఫా ఓలెఫిన్) అనే ఫ్యాక్టరీలో కట్టిన నూనె ఒక్కటే. వీటిల్లో దేనిలోకీ రానివన్నీ గ్రూప్ 5, ఎస్టర్లు, ఆల్కైలేటెడ్ నాఫ్తలీన్లు అందులోవే.

గొడవంతా గ్రూప్ 3 దగ్గరే. ఇది క్రూడ్ నుంచే వస్తుంది, కానీ రిఫైనరీలో భయంకరమైన ప్రెషర్ మీద, హైడ్రోజన్‌తో, కేటలిస్టు మీదుగా పంపించి మైనం లాంటి పొడుగాటి మాలిక్యూల్స్‌ని విరిచి కొమ్మలు కొమ్మలుగా మార్చేస్తారు, బయటికొచ్చేటప్పటికి అది లోపలికెళ్ళిన సరుకులా ఉండదు. మరి దీన్ని సింథటిక్ అనొచ్చా? 1990ల చివర్లో క్యాస్ట్రాల్ తన సింటెక్ ఆయిల్లో పీఏఓ బదులు ఇలాంటి బేస్ వాడటం మొదలుపెడితే మొబిల్ వాళ్ళు అమెరికాలో ప్రకటనల మీద తీర్పిచ్చే నేషనల్ అడ్వర్టైజింగ్ డివిజన్‌కి ఫిర్యాదు చేశారు, 1999లో తీర్పు క్యాస్ట్రాల్ వైపు వచ్చింది. అప్పట్నుంచి గ్రూప్ 3 కి కూడా డబ్బా మీద ఫుల్లీ సింథటిక్ అని రాసుకోవడం మామూలైపోయింది. జర్మనీలో మాత్రం అలా కుదరదు, అక్కడ గ్రూప్ 3 ఆయిల్ మీద హెచ్‌సీ సింథసిస్ అని విడిగా రాస్తారు, ఫుల్లీ సింథటిక్ అనే మాట పీఏఓకీ ఎస్టర్లకీ ఉంచుకున్నారు. మన దేశంలో డబ్బా మీద మాట చూసి లోపల ఏ గ్రూప్ ఉందో చెప్పలేం, అందుకే ఈ తతంగమంతా.

పీఏఓ అయితే ఎథిలీన్ గ్యాస్ నుంచి డెసీన్ అనే చిన్న మాలిక్యూల్ చేసి, దాన్ని మూడు నాలుగు కలిపి కట్టి తయారుచేస్తారు. అందులో మైనం అనేదే ఉండదు, అందుకే మైనస్ 50 దిగినా ఇంకా కారుద్ది. దీనికో లోపం ఉంది, ఎడిటివ్స్ ఇందులో సరిగ్గా కరగవు, పైగా రబ్బరు సీళ్ళని కొంచెం కుంచించుకుపోయేలా చేస్తుంది. సింథటిక్ వేస్తే లీకులొస్తాయి అని పాత మెకానిక్‌లు అనడం వెనక ఇదే ఉంది, వాళ్ళేం ఊరికే అన్లేదు. ఇప్పుడు పీఏఓ వాడే కంపెనీలు అందులో కొంచెం ఎస్టరో నాఫ్తలీనో కలుపుతారు, ఎస్టర్ సీళ్ళని ఉబ్బేలా చేస్తుంది కాబట్టి రెండూ సరికి సరి అయిపోద్ది. ఎస్టర్‌కి లోహాన్ని పట్టుకునే గుణం ఉంది, విమానం జెట్ ఇంజన్లు తిరిగేది ఎస్టర్ ఆయిల్స్ మీదే. మోతుల్ 300వీ అనే రేసింగ్ ఆయిల్ 1971 నుంచీ ఈ ఎస్టర్ దారిలోనే పేరు తెచ్చుకుంది.

ఇంకొకటి జీటీఎల్, అంటే సహజ వాయువు నుంచి చేసే బేస్ ఆయిల్. మనవాళ్ళు చాలామంది పనికెళ్ళే ఖతార్‌లో, రాస్ లఫాన్ దగ్గర షెల్ వాళ్ళకి పెర్ల్ అనే పెద్ద ప్లాంటుంది, 2011 నుంచి అక్కణ్ణించి వస్తోంది. లెక్క ప్రకారం ఇది గ్రూప్ 3 లోకే వస్తుంది గానీ గ్యాస్ నుంచి చేసింది కాబట్టి గంధకం దాదాపు సున్నా, గుణాల్లో పీఏఓకి బాగా దగ్గర. అందుకే గ్రూప్ 3 అనగానే మొహం తిప్పుకోకండి, అందులోనే సాదాదీ ఉంది, మహా మంచిదీ ఉంది.

మూడో పని: టెక్నికల్ డేటా షీట్ డౌన్‌లోడ్ చేసి నాలుగు అంకెలు పక్కపక్కన రాయండి

ఆయిల్ పేరు పూర్తిగా, గ్రేడుతో సహా టైప్ చేసి వెనకాల టీడీఎస్ అని కొట్టండి. ఒకటి రెండు పేజీల పీడీఎఫ్ వస్తుంది, కింద ఒక టేబుల్ ఉంటుంది. ఆ షీటే దొరకని ఆయిల్‌ని నేనైతే లిస్టులోంచి తీసేస్తా.

అందులో 100 డిగ్రీల దగ్గర చిక్కదనం అని సెంటీస్టోక్స్‌లో ఉంటుంది. 40 గ్రేడు అంటే అది 12.5 నుంచి 16.3 లోపు ఎక్కడైనా ఉండొచ్చు, 30 గ్రేడు అంటే 9.3 నుంచి 12.5 లోపు. కాబట్టి ఒకే గ్రేడు రాసున్న రెండు డబ్బాలు ఒకే చిక్కదనం అని అనుకోవద్దు, ఒకటి గ్రేడు అడుగున ఉండొచ్చు, ఇంకోటి నెత్తిన ఉండొచ్చు.

దాని తర్వాత హెచ్‌టీహెచ్‌ఎస్ (హై టెంపరేచర్ హై షియర్), నేను ముందు వెతికే అంకె ఇదే. ఆయిల్‌ని 150 డిగ్రీలకి వేడిచేసి, బేరింగు సందులో నలిగినట్టు గట్టిగా నలిపి, అప్పుడు ఎంత చిక్కగా నిలబడిందో కొలుస్తారు. 5డబ్ల్యూ-40 కి కనీసం 3.5 ఉండాలి, 5డబ్ల్యూ-30 కి 2.9 ఉన్నా చాలు, కానీ సీ3 రకం 5డబ్ల్యూ-30 అయితే దానికీ 3.5 కావాలి. అంటే రెండు 5డబ్ల్యూ-30 డబ్బాల్లోనే ఇంత తేడా ఉందన్నమాట, పైన గ్రేడు చూసి ఇది తెలీదు.

ఈ రెండు అంకెలూ కలిపి చూస్తే బేస్ ఆయిల్ గురించి ఒక సంగతి బయటపడుద్ది. ఉదాహరణకి ఒక 5డబ్ల్యూ-40 లో 100 డిగ్రీల దగ్గర 14.5, హెచ్‌టీహెచ్‌ఎస్ 3.5 అనుకుందాం, ఇంకోదాంట్లో 13.2, హెచ్‌టీహెచ్‌ఎస్ 3.7 అనుకుందాం. మొదటిది మామూలుగా చిక్కగా ఉంది గానీ నలిపితే పల్చబడింది, ఎందుకంటే ఆ చిక్కదనంలో ఎక్కువ భాగం పాలిమర్ తెచ్చిపెట్టింది, బేరింగు దగ్గర ఆ పాలిమర్ దారాలు సాగిపోయి దారి ఇచ్చేస్తాయి, కొన్ని తెగిపోతాయి కూడా, తెగినవి మళ్ళీ అతుక్కోవు. రెండోదాంట్లో చిక్కదనం బేస్ ఆయిల్‌దే, దానికి పాలిమర్ సాయం అంతగా అక్కర్లేదు. ఈ రెండిట్లో నేను కళ్ళు మూసుకుని రెండోది తీసుకుంటా.

తర్వాత నోయాక్. 250 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచితే బరువులో ఎంత శాతం ఆవిరైపోయిందో చెప్పే అంకె ఇది. ఏపీఐ ఎస్‌పీ కి 15 శాతం దాకా ఒప్పుకుంటారు, ఏసీఈఏ ఏ3/బీ4, సీ3 లకి 13, మెర్సిడెస్ 229.5 అప్రూవల్ కావాలంటే 10 దాటకూడదు. ఆవిరైంది ఎటు పోద్ది? బ్రీదర్ పైపు గుండా ఇన్‌టేక్‌లోకి పోయి, డైరెక్ట్ ఇంజెక్షన్ పెట్రోల్ ఇంజన్ అయితే వాల్వుల వెనక నల్లగా గట్టిగా పేరుకుంటుంది, వాటిని కడగడానికి అటువైపు పెట్రోల్ పడదు కదా. ఇంజన్లో మిగిలిన ఆయిలేమో చిక్కబడుద్ది, డిప్‌స్టిక్ మీద లెవెల్ తగ్గుద్ది. మంచి పీఏఓ, జీటీఎల్ బేస్‌లు గెలిచేది ఇక్కడే. 8, 9 అంకెలు కనిపిస్తే బేస్ మీద ఖర్చుపెట్టారని అర్థం, 13, 14 ఉంటే పాస్ మార్కులు అనుకోండి. కొన్ని షీట్లలో నోయాక్ ఇవ్వరు, కస్టమర్ కేర్‌కి మెయిల్ పెడితే కొంతమంది పంపిస్తారు.

నాలుగోది టీబీఎన్ (టోటల్ బేస్ నంబర్), ఆమ్లాల్ని ఎంత తట్టుకుంటుందో చెప్పేది. దీన్ని ఎంత ఎక్కువుంటే అంత మంచిది అని పట్టుకు వేలాడక్కర్లేదు. 2020 ఏప్రిల్ 1 నుంచి మన బంకుల్లో వచ్చే బీఎస్6 పెట్రోల్, డీజిల్లో గంధకం 10 పీపీఎం లోపే, అంతకుముందు బీఎస్4 లో 50 ఉండేది. గంధకం తగ్గితే ఆమ్లం తగ్గుద్ది, కాబట్టి సీ3 ఆయిల్లో టీబీఎన్ 7, 8 ఉన్నా కంగారు పడొద్దు.

ఫ్లాష్ పాయింట్, పోర్ పాయింట్, విస్కాసిటీ ఇండెక్స్ కూడా రాసుంటాయి, వాటికోసం బుర్ర పాడుచేసుకోకండి. పోర్ పాయింట్ ఎడిటివ్‌తో దించొచ్చు, ఇండెక్స్ పాలిమర్‌తో పెంచొచ్చు. ఆయిల్‌ని పెనం మీద పోసి కాల్చే వీడియోలు కూడా అంతే, ఇంజన్లో ఏ భాగమూ అలా పనిచెయ్యదు.

నాలుగో పని: సేఫ్టీ డేటా షీట్లో మూడో సెక్షన్ చూడండి

బేస్ ఆయిల్ ఏంటో తొంగిచూడటానికి మనకున్న కిటికీ ఇదే. ఆయిల్ పేరు వెనకాల ఎస్‌డీఎస్ అని కొట్టి వెతకండి, యూరప్ షీటు దొరికితే ఇంకా మంచిది, మూడో సెక్షన్లో దినుసులు, వాటి పక్కన క్యాస్ నంబర్లు, అంటే ఒక్కో రసాయనాన్ని గుర్తుపట్టే నంబర్లు ఉంటాయి. 68037-01-4 కనిపిస్తే అది పీఏఓ. 848301-69-9 కనిపిస్తే జీటీఎల్. 72623-87-1 గానీ 64742-54-7 గానీ ఉంటే హైడ్రోజన్‌తో శుద్ధి చేసిన మినరల్ బేస్, ఇందులో గ్రూప్ 2 నో గ్రూప్ 3 నో నంబరు చూసి చెప్పలేం, పైన రాసుకున్న నోయాక్‌తో కలిపి చూసుకోవాలి. నంబరు పక్కన 10-20, 50-70 అని శాతం కూడా ఉంటుంది, అది తప్పకుండా చూడండి, ఎందుకంటే డబ్బా మీద పీఏఓ అని గొప్పగా రాసి లోపల పదో వంతు మాత్రం పోసిన ఆయిల్ కూడా ఉండొచ్చు.

ఒక జాగ్రత్త. ఈ షీటు రాసేది పనివాళ్ళకి ప్రమాదం గురించి చెప్పడానికి, మనకి రెసిపీ ఇవ్వడానికి కాదు. ప్రమాదం లేని దినుసు రాయాలని రూలు లేదు, కాబట్టి పీఏఓ నంబరు కనపడకపోతే లోపల పీఏఓ లేదని తేల్చెయ్యకూడదు. కనపడితే మాత్రం ఉన్నట్టే.

ఐదో పని: అప్రూవ్డ్ అనే మాటకీ మీట్స్ అనే మాటకీ తేడా పట్టుకోండి

డబ్బా వెనకాల చిన్నక్షరాలు చదవండి. అప్రూవల్ అని ఉంటే కార్ల కంపెనీ ఆ ఆయిల్‌ని తన ఇంజన్ టెస్టుల ఫలితాలు చూసి ఒప్పుకుంది అని. మీట్స్ అనో, సూటబుల్ ఫర్ అనో ఉంటే అది ఆయిల్ కంపెనీ తనకు తాను చెప్పుకున్న మాట. మెర్సిడెస్ వాళ్ళు ఒప్పుకున్న ఆయిల్స్ లిస్టు వాళ్ళ వెబ్‌సైట్లో అందరికీ కనిపించేలా పెడతారు, మనది మెర్సిడెస్ కాకపోయినా ఆ లిస్టులో పేరుందా లేదా అని చూడటం మంచి పరీక్షే. పీఏఓ ఉండి ఏ అప్రూవలూ లేని ఆయిల్ ఒకవైపు, సాదా గ్రూప్ 3 తో చేసి ఎంబీ 229.5 అప్రూవల్ తెచ్చుకున్న ఆయిల్ ఒకవైపు ఉంటే, నేను అప్రూవల్ ఉన్నదే పోస్తా, ఎందుకంటే దాన్ని నిజంగా ఇంజన్లో పోసి తిప్పి, విప్పి, అరుగుదల కొలిచారు.

ఆరో పని: మీరు బండి తిప్పే తీరుకి సరిచూడండి

టర్బో లేని మామూలు పెట్రోల్ కారు, రోజూ ఆఫీసుకి 15 కిలోమీటర్లు, ఏడాదికోసారి ఆయిల్ మార్పు. దీనికి మాన్యువల్లో చెప్పిన గ్రేడు, స్పెసిఫికేషన్ ఉన్న గ్రూప్ 3 ఆయిల్ శుభ్రంగా సరిపోద్ది, డబుల్ రేటు పెట్టక్కర్లేదు. మన దగ్గర విజయవాడలోనో హైదరాబాద్‌లోనో చలికాలం తెల్లారుజామున కూడా మహా అయితే పది డిగ్రీల దరిదాపులకి దిగుద్ది, మైనస్ 35 లో స్టార్టయ్యే గుణానికి మనం డబ్బులు కట్టి లాభం లేదు. కెనడాలో ఉండే మనవాళ్ళకైతే లెక్క వేరు, మైనస్ 30 లో బయట పార్క్ చేసిన కారుకి 0డబ్ల్యూ, అందులోనూ పీఏఓ బేస్ అంటే ప్రతి పొద్దునా పనికొస్తుంది.

టర్బో పెట్రోల్, అందులోనూ డైరెక్ట్ ఇంజెక్షన్ అయితే అక్కడ ఖర్చుపెట్టండి. హైవే మీద గంటసేపు గట్టిగా తోలి టోల్‌గేట్ పక్కన టీ కోసం టక్కున ఇంజన్ కట్టేస్తే, టర్బో షాఫ్టు దగ్గర నిలిచిపోయిన ఆయిల్ ఆ వేడికి ఉడికి బొగ్గులా అట్టకడుద్ది. నోయాక్ తక్కువ, హెచ్‌టీహెచ్‌ఎస్ మాన్యువల్ ఒప్పుకున్నంతలో ఎక్కువ ఉన్నది తీసుకోండి, ఏపీఐ ఎస్‌పీ కనీసం ఉండాలి, ఎందుకంటే 2020లో వచ్చిన ఆ స్పెసిఫికేషన్లో ఇలాంటి చిన్న టర్బో ఇంజన్లలో తక్కువ ఆర్‌పీఎం దగ్గర వచ్చే అకాల మండటానికీ టైమింగ్ చైన్ అరుగుదలకీ టెస్టులు పెట్టారు. ఆ అకాల మండటాన్ని కాల్షియం డిటర్జెంట్ పెంచుతుంది, అందుకే కొత్త ఆయిల్స్‌లో కాల్షియం కొంత తగ్గించి మెగ్నీషియం వేస్తున్నారు, చూడండి, ఇది బేస్ ఆయిల్‌తో సంబంధం లేని సంగతి. కట్టేసే ముందు ఒక నిమిషం ఐడిల్‌లో ఉంచితే ఏ ఆయిలైనా ఎక్కువకాలం బతుకుద్ది.

బైకు సంగతి అస్సలు కారుతో కలపకండి. కొన్నాళ్ళ కిందట కారుకి పోయగా మిగిలిన 5డబ్ల్యూ-30 లీటరున్నర ఉంటే, సింథటిక్కే కదా మంచిదే కదా అని ఒక షెడ్‌లో మా తమ్ముడి బైకుకి పోసేశారు, నేనూ పక్కనే ఉండి సరే అన్నా. నాలుగు రోజుల తర్వాత దుర్గగుడి ఫ్లైఓవర్ ఎక్కుతుంటే ఇంజన్ మోత పెరుగుతోంది, బండి మాత్రం ముందుకి పోవట్లేదు, క్లచ్ జారిపోతోంది. బైకులో క్లచ్ ప్లేట్లు ఇంజన్ ఆయిల్లోనే మునిగి ఉంటాయి, కారు ఆయిల్లో మైలేజీ కోసం రాపిడి తగ్గించే ఎడిటివ్ వేస్తారు, అది ప్లేట్లని కూడా జారుడు చేసేసింది. వెంటనే తీసేసి సరైన ఆయిల్ పోస్తే రెండు మార్పులకి తేరుకుంది, అదృష్టం. అందుకే గేర్ల బైకుకి డబ్బా మీద జాసో (జపాన్ వాళ్ళ ప్రమాణం) ఎంఏ గానీ ఎంఏ2 గానీ ఉందో లేదో చూడండి, రిసోర్స్ కన్జర్వింగ్ అని, అంటే మైలేజీ పెంచే రకం అని ఉంటే పక్కన పెట్టండి. స్కూటర్‌కి క్లచ్ ఆయిల్లో ఉండదు కాబట్టి జాసో ఎంబీ నడుస్తుంది.

ఏడో పని: పోశాక లెక్క రాయండి

సీలు, మూత మీద బ్యాచ్ నంబరు, తయారీ తేదీ చూసి, మీ ముందే కొత్త డబ్బా విప్పించండి, ఫిల్టరూ డ్రెయిన్ బోల్టు వాషరూ మార్పించండి. డూప్లికేట్ సరుకు ఖరీదైన పేర్లతోనే ఎక్కువ వస్తుంది, ఖాళీ డబ్బా షెడ్‌లో వదలకుండా మూతకి చిల్లు పెట్టి రండి. పాత ఆయిల్‌తో కలిస్తే పాడైపోద్దేమో అని ఫ్లషింగ్‌కి డబ్బులివ్వకండి, అన్ని ఇంజన్ ఆయిల్సూ ఒకదాంతో ఒకటి కలుస్తాయి.

పోసి ఒకరోజు తిప్పాక, బండిని చదునుగా ఉన్న చోట ఆపి పది నిమిషాలాగి డిప్‌స్టిక్ తీసి తుడిచి మళ్ళీ పెట్టి తియ్యండి, లెవెల్ ఎక్కడుందో ఫోటో తీసుకోండి. తర్వాత ప్రతి 1000 కిలోమీటర్లకీ అదే చోట, అదే పద్ధతిలో ఇంకో ఫోటో. రంగు నల్లబడిందని భయపడొద్దు, డీజిల్ అయితే కొద్ది రోజులకే నల్లబడుద్ది, డిటర్జెంట్ పని చేస్తోందని అర్థం. లెవెల్ తగ్గుతోందా అన్నదే చూడండి, అలాగే పెరుగుతోందా అని కూడా, పెరిగితే ఆయిల్లో పెట్రోలో డీజిలో కలుస్తోందన్నమాట, అప్పుడు ఎంత మంచి బేస్ ఆయిలైనా ముందే మార్చాల్సిందే. పోయిన ఆయిల్‌తో 10,000 కిలోమీటర్లకి అర లీటరు టాపప్ పోసి, ఈసారి నోయాక్ తక్కువున్నదాంతో పావు లీటరే పోస్తే, ఆ డబుల్ రేటులో మీకు దక్కిందెంతో ఆ పావు లీటర్లో కనిపిస్తుంది. ఆయిల్ పేరు, గ్రేడు, తేదీ, కిలోమీటర్లు ఒక స్టిక్కర్ మీద రాసి బానెట్ లోపల అంటించండి, వచ్చేసారి షాపుకెళ్ళేముందు దాన్నీ ఒక ఫోటో తీసుకెళ్ళండి.